ఇతరుల ప్రభావం మన నిర్ణయాల మీద ఎలా పనిచేస్తుందో కనిపెట్టడం ఎలా?

ఒక నిర్ణయానికి ఎలా వచ్చారని ఎవరైనా అడిగితే కారణాలు చెప్పడానికి మనం పెద్దగా తడుముకోము. వాదన సబబుగా ఉందనో, వస్తువు నాణ్యమైనదనో, మనిషి నమ్మదగినవాడనో చెబుతాం. మనం నోరు విప్పేలోపు గదిలో ఎంతమంది తలలూపారు, అడిగిన వ్యక్తి హోదా ఏమిటి, అంతకుముందు ఏ చిన్న కోరికకు సరేనన్నాం అన్న సంగతులు మాత్రం ఆ కారణాల్లో సాధారణంగా కనిపించవు. సామాజిక మనోవిజ్ఞాన శాస్త్రం ప్రధానంగా ఇలా లెక్కలోకి రాకుండా పోయే కారణాలనే పరిశీలిస్తుంది. వాటిని పాఠ్యపుస్తకం వరుసలో కాకుండా, పాఠకులు తమ రోజువారీ నిర్ణయాలకు వర్తింపజేసుకొని చూడగలిగే వరుసలో ఇక్కడ వివరిస్తాను. ఇందుకు కావలసినవి ఒక చిన్న నోటుపుస్తకం, మూడు వారాల ఓపిక మాత్రమే.

మొదటి వారం: విశేషణం కింద సందర్భం రాయడం

ఎదుటివారి ప్రవర్తనకు కారణం వెతికేటప్పుడు మన చూపు ముందుగా వారి స్వభావం మీద పడుతుంది. ఆలస్యంగా వచ్చినవాడు నిర్లక్ష్యపరుడు, పలకరించని మనిషి పొగరుబోతు, సాయపడనివాడు స్వార్థపరుడు అని తేల్చేస్తాం. మనమే ఆలస్యంగా వెళ్లిన రోజున మాత్రం దారిలో ఎదురైన అడ్డంకులన్నీ వరుసగా గుర్తుకొస్తాయి. ఇతరుల విషయంలో స్వభావానికి ఎక్కువ బరువు, సందర్భానికి తక్కువ బరువు ఇచ్చే ఈ అలవాటును మనోవిజ్ఞాన శాస్త్రవేత్త లీ రాస్ 1977లో మౌలికమైన ఆపాదన దోషంగా పేర్కొన్నారు. దానికి పదేళ్ల ముందే, 1967లో, ఎడ్వర్డ్ జోన్స్, విక్టర్ హారిస్ కలిసి క్యూబా నాయకుడు ఫిడెల్ కాస్ట్రోను సమర్థిస్తూనో విమర్శిస్తూనో రాసిన వ్యాసాలను కొందరు విద్యార్థుల చేత చదివించి, రాసినవారి అసలు అభిప్రాయం ఏమై ఉంటుందో ఊహించమన్నారు. ఏ పక్షాన రాయాలో రచయితకు ముందే నిర్ణయించి ఇచ్చారని స్పష్టంగా చెప్పిన తర్వాత కూడా, వ్యాసంలోని అభిప్రాయం ఎంతో కొంత రచయిత సొంతదేనని చదివినవారు భావించారు.

సందర్భం బరువు ఎంతో తెలియడానికి జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ 1973లో ప్రచురించిన ప్రయోగం కంటే మంచి ఉదాహరణ నాకు తట్టదు. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో మతబోధకులు కావడానికి చదువుతున్న 40 మంది విద్యార్థులను ఒక చిన్న ప్రసంగం చేయడానికి పక్క భవనానికి పంపారు. దారిలో ఒక మనిషి గుమ్మం దగ్గర కూలబడి దగ్గుతూ, మూలుగుతూ ఉంటాడు. తీరిక ఉన్నవారిలో 63 శాతం మంది ఏదో ఒక రూపంలో సాయపడగా, ఇప్పటికే ఆలస్యమైందని తొందరపెట్టి పంపినవారిలో సాయపడింది 10 శాతమే. కొందరు చేయబోయే ప్రసంగం సాక్షాత్తు బైబిల్‌లోని మంచి సమరయుని కథ మీద, అంటే దారిలో పడి ఉన్న మనిషిని ఆదుకున్నవాడి కథ మీద. అయినా ప్రసంగాంశం వల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తేడా తెచ్చింది తొందర.

ఈ వారం చేయవలసిన పని చాలా సులువు. రోజుకు ఒకసారి, మీరు ఎవరికైనా మనసులో తగిలించిన విశేషణాన్ని రాసుకోండి. ఆ మాట కింద, ఆ మనిషి అలా ప్రవర్తించడానికి దోహదపడి ఉండగల మూడు పరిస్థితులను రాయండి: సమయం ఎంత ఉంది, ఎవరు చూస్తున్నారు, కాదంటే ఏం నష్టపోతారు. పరిస్థితిని గుర్తించడం తప్పును క్షమించడంతో సమానమని కొందరు అభ్యంతరపెడతారు కానీ, ఈ రెండూ వేర్వేరు పనులు. బాధ్యత ఎవరిదో నిర్ణయించడానికి ముందు కారణం తెలుసుకోవడం న్యాయమే అవుతుంది. మూడు రోజులు గడిచేసరికి మరో సంగతి కూడా బయటపడుతుంది. సన్నిహితుల విషయంలో మూడు పరిస్థితులూ క్షణంలో తోస్తాయి, నచ్చనివారి విషయంలో రెండో దాని దగ్గరే కలం ఆగిపోతుంది. మనవాళ్లు, పరాయివాళ్లు అనే గీత పడటానికి పెద్ద వైరమేమీ అక్కర్లేదు. హెన్రీ తాజ్ఫెల్ 1970 ప్రాంతంలో బ్రిస్టల్‌లోని బడిపిల్లలను చిత్రకారులు పాల్ క్లీ, కాండిన్‌స్కీ చిత్రాలలో ఎవరివి నచ్చాయన్న పేరుతో రెండు గుంపులుగా విడదీస్తే, తమ గుంపులో ఎవరున్నారో కూడా తెలియని ఆ పిల్లలు డబ్బు పంచే అవకాశం రాగానే తమ గుంపు వైపే మొగ్గారు.

రెండో వారం: ఇతరుల మాట వినకముందే మన మాట రాయడం

ఇతరుల అభిప్రాయం మనల్ని రెండు దారుల్లో మారుస్తుంది. మొదటిది, వారికి తెలిసి ఉంటుందన్న నమ్మకం. రెండోది, వేరుగా కనిపిస్తే బాగుండదన్న బెరుకు. మోర్టన్ డాయిచ్, హెరాల్డ్ జెరార్డ్ 1955లో వివరించిన ఈ విభజనను సామాజిక ప్రభావం గురించిన పాఠాలలో నేటికీ మొదటి మెట్టుగానే చెబుతారు. ఏ దారిలో మారుతున్నామో తెలియకపోతే ఏం చేయాలో కూడా తెలియదు కాబట్టి ఇక్కడ కొంచెం ఆగడం అవసరం.

మొదటి దారికి ముజఫర్ షెరీఫ్ 1935లో ప్రచురించిన ప్రయోగం నిదర్శనం. చీకటిగదిలో కదలకుండా ఉన్న చిన్న వెలుగుచుక్కను చూస్తే అది కదులుతున్నట్టు కంటికి భ్రమ కలుగుతుంది. ఎంత దూరం కదిలిందో ఒంటరిగా చెప్పమంటే ఒక్కొక్కరు ఒక్కొక్క అంచనా చెప్పారు. అందరినీ కలిపి కూర్చోబెట్టి పైకి చెప్పమంటే అంచనాలు క్రమంగా ఒకదానికొకటి దగ్గరయ్యాయి. సరైన జవాబు తెలియని చోట పక్కవారే మనకు కొలబద్ద అవుతారనడానికి ఇది గుర్తు.

రెండో దారిని చూపింది సోలమన్ ఆష్. 1951 నుంచి 1956 వరకు ప్రచురించిన ప్రయోగాలలో ఆయన ఒక గీతను చూపి, పక్కనున్న మూడు గీతలలో దానితో సమానమైనది ఏదో చెప్పమన్నారు. జవాబు పసిపిల్లలకు కూడా తెలిసేంత తేలిక. ఒంటరిగా చేసినవారిలో పొరపాట్లు 1 శాతం లోపే. అయితే గదిలో ఒక్కరు తప్ప మిగిలినవారంతా ఆష్ ఏర్పాటు చేసిన మనుషులు, 18 సార్లలో 12 సార్లు వారు ఒకే తప్పు జవాబును గట్టిగా చెప్పారు. ఆ 12 సార్లలో సుమారు 37 శాతం జవాబులు గుంపు వైపు మొగ్గాయి, సుమారు నాలుగింట మూడు వంతుల మంది కనీసం ఒక్కసారైనా లొంగారు. మనుషులు గొర్రెలమంద అని చెప్పడానికి ఈ ప్రయోగాన్ని ఉదహరించేవారు మిగతా సగం లెక్కను తరచుగా వదిలేస్తారు. మూడింట రెండు వంతులకు దగ్గరగా జవాబులు గుంపును కాదని సరైనవే వచ్చాయి, సుమారు నాలుగో వంతు మంది ఒక్కసారి కూడా లొంగలేదు.

ఆచరణకు మరింత పనికొచ్చే అంశాలు ఆష్ మార్చి మార్చి చేసిన ప్రయోగాలలో ఉన్నాయి. ఎదురుగా ఒక్కరే ఉన్నప్పుడు ఒత్తిడి దాదాపు లేదు, ముగ్గురయ్యేసరికి అది దాదాపు పూర్తి స్థాయికి చేరింది, ఆపైన మనుషులను పెంచినా పెద్దగా పెరగలేదు. గుంపులో ఒక్కరు సరైన జవాబు చెప్పినా లొంగుబాటు సుమారు నాలుగో వంతుకు పడిపోయింది. ఇంకా విచిత్రమేమిటంటే, ఆ ఒక్కరు గుంపుకు భిన్నంగా మరో తప్పు జవాబు, అదీ ఇంకా ఘోరమైన తప్పు చెప్పినా లొంగుబాటు బాగా తగ్గింది. కాబట్టి సమావేశంలో వేరే మాట చెప్పేవారు సరైనదే చెప్పనక్కర్లేదు. వారు నోరు తెరవడంతోనే ఏకాభిప్రాయం చెదిరి, పక్కవారికి తమ మాట చెప్పుకునే చోటు దొరుకుతుంది.

ఈ వారం ప్రతి ఉమ్మడి నిర్ణయానికి ముందు, అది సినిమా ఎంపిక అయినా ఉద్యోగ నియామకమైనా, మీ అభిప్రాయాన్ని ఒక్క వాక్యంలో రాసి పెట్టుకోండి. చర్చ ముగిశాక అది మారితే రెండు ప్రశ్నలు వేసుకోండి. నా జవాబు ఎవరికీ తెలియదని హామీ ఉంటే కూడా ఇలాగే మార్చుకునేవాడినా, మార్చుకునేదాన్నా? కాదనిపిస్తే మిమ్మల్ని కదిలించింది బెరుకు. అవుననిపిస్తే రెండో ప్రశ్న: అవతలివారు ఈ సంగతిని ఎవరికి వారు విడివిడిగా తెలుసుకున్నారా, లేక ఒకరి నుంచి మరొకరు విన్నారా? పదిమంది ఒకే మూలం నుంచి విని చెప్పిన మాట ఒక సాక్ష్యమే అవుతుంది, పది సాక్ష్యాలు కావు. 1969లో స్టాన్లీ మిల్‌గ్రామ్, ఆయన సహచరులు న్యూయార్క్ కాలిబాట మీద తమ మనుషులను నిలబెట్టి ఒక భవనం కిటికీ వైపు తలెత్తి చూడమన్నారు. ఒక్కరే చూస్తున్నప్పుడు దారిన పోయేవారిలో 4 శాతం ఆగితే, 15 మంది చూస్తున్నప్పుడు 40 శాతం ఆగారు. పైన చూడటానికి ఏమీ లేదు.

సమావేశం నడిపే బాధ్యత మీదే అయితే పద్ధతి ఇంకా తేలిక. అందరూ ముందుగా కాగితం మీద రాయాలి, పెద్ద హోదాలో ఉన్నవారు చివర మాట్లాడాలి. ఇంతకు మించిన ఏర్పాటు చాలా సందర్భాల్లో అవసరం ఉండదు. మౌనాన్ని అంగీకారంగా లెక్కించడం మాత్రం ప్రమాదకరం. గదిలో ప్రతి ఒక్కరికీ ఒకే అనుమానం ఉండి, మిగిలినవారు మాట్లాడటం లేదు కాబట్టి అనుమానం తనకొక్కరికే అని ప్రతి ఒక్కరూ అనుకునే పరిస్థితి మనం ఊహించేదానికంటే తరచుగా వస్తుంది.

మూడో వారం: మెట్ల లెక్క

అధికారానికి విధేయత గురించి చెప్పేటప్పుడు మిల్‌గ్రామ్ పేరు తప్పదు. 1963లో ఆయన ప్రచురించిన యేల్ విశ్వవిద్యాలయ ప్రయోగంలో, తప్పు జవాబు చెప్పిన ప్రతిసారీ పక్కగదిలోని వ్యక్తికి విద్యుత్ షాక్ ఇవ్వమని పాల్గొన్నవారికి చెప్పారు. షాకులు నిజమైనవి కావు, ఆ సంగతి మీట నొక్కేవారికి తెలియదు. 40 మంది పురుషులలో 26 మంది, అంటే 65 శాతం, 450 వోల్టుల చివరి మీట వరకు వెళ్లారు. ఈ అంకె అందరికీ తెలిసినదే. అంతగా ప్రచారం కాని రెండు సంగతులు నా ఉద్దేశంలో ఇంతకంటే ముఖ్యమైనవి.

మొదటిది, ఆ యంత్రం అమరిక. మీటలు 15 వోల్టులతో మొదలై ఒక్కొక్కటి 15 చొప్పున పెరుగుతాయి. నేరుగా 450 మీట నొక్కమంటే చాలామంది తిరస్కరించేవారని ఊహించడం కష్టం కాదు. ఇక్కడ ప్రతి మెట్టూ ముందరి మెట్టుకంటే కొంచెమే ఎక్కువ. నిన్న చేసింది సబబైతే ఇవాళ్టిది ఎందుకు కాదన్న ప్రశ్నకు జవాబు దొరకదు. రెండోది, పరిస్థితి కొద్దిగా మారితే విధేయత ఎంతగా పడిపోయిందన్నది. ఆదేశించే వ్యక్తి గదిలో లేకుండా టెలిఫోన్‌లో చెబితే చివరిదాకా వెళ్లినవారు సుమారు 21 శాతానికి తగ్గారు. పక్కన ఉన్న ఇద్దరు ఎదురుతిరిగితే 40 మందిలో 4గురే చివరిదాకా వెళ్లారు. మళ్లీ ఇక్కడ కూడా పక్కవారి నిరాకరణే పెద్ద తేడా తెచ్చింది.

ఈ ప్రయోగాల మీద గట్టి విమర్శలున్నాయి. పాల్గొన్నవారిలో కొందరు షాకులు నిజమని నమ్మలేదని, ఆదేశించేవాడు కొన్నిసార్లు రాసిపెట్టిన మాటలు దాటి ఒత్తిడి చేశాడని తర్వాతి కాలంలో ఆ రికార్డులు పరిశీలించినవారు చూపారు. పాల్గొన్నవారికి కలిగిన మానసిక క్షోభ వల్ల నేడు అలాంటి ప్రయోగాన్ని పూర్తిగా చేయడానికి ఏ నైతిక సమితీ అనుమతించదు. జెర్రీ బర్గర్ 2009లో దాన్ని 150 వోల్టుల దగ్గర ఆపేసేలా మార్చి తిరిగి చేస్తే, 70 శాతం మంది ఆ తర్వాత కూడా కొనసాగించడానికి సిద్ధపడ్డారు.

చిన్న మెట్లతో పెద్ద చోటికి చేర్చే పద్ధతికి అధికారం కూడా అక్కర్లేదు. జొనాథన్ ఫ్రీడ్‌మన్, స్కాట్ ఫ్రేజర్ 1966లో ప్రచురించిన అధ్యయనంలో, జాగ్రత్తగా వాహనం నడపమని చెప్పే వికారమైన పెద్ద బోర్డును ఇంటి ముందు పెట్టుకోమని కాలిఫోర్నియాలోని కొన్ని ఇళ్లవారిని అడిగారు. సూటిగా అడిగితే ఒప్పుకున్నది సుమారు 17 శాతం. రెండు వారాల ముందు అదే విషయం మీద అరచేతిలో పట్టే చిన్న గుర్తు పెట్టుకోవడానికి సరేనన్నవారిలో ఒప్పుకున్నది 76 శాతం. చిన్న పనికి ఒప్పుకోవడంతో తమ గురించి తామే కొత్తగా ఒక అభిప్రాయం ఏర్పరచుకున్నారని ఆ పరిశోధకుల వివరణ.

కాబట్టి మూడో వారంలో మీరు ప్రస్తుతం చేస్తున్న ఒక పనిని, అయిష్టంగా మోస్తున్న బాధ్యతను గానీ, ఎవరికో ఇస్తూ వస్తున్న వెసులుబాటును గానీ తీసుకుని, అది మొదలైన రోజు నుంచి ఇప్పటివరకు ఎక్కిన మెట్లను వరుసగా రాయండి. చివరి మెట్టును మొదటి రోజే అడిగి ఉంటే ఏం చెప్పేవారో పక్కన రాయండి. ఆ జవాబు ‘కుదరదు’ అయితే, ఇప్పుడు కూడా అదే చెప్పే హక్కు మీకుంది. అయితే ఆ మాట అప్పటికప్పుడు నోట రాదు. ‘దీని గురించి ఆలోచించి రేపు చెబుతాను’, ‘రాతపూర్వకంగా ఇస్తే చూస్తాను’, ‘ఇక్కడితో నేను ఆగిపోతున్నాను’ వంటి వాక్యాలలో మీకు నప్పిన ఒకదాన్ని ముందే రాసి, పైకి రెండు మూడు సార్లు చదివి ఉంచుకోవాలి. మిల్‌గ్రామ్ ప్రయోగంలో చివరిదాకా వెళ్లినవారిలో చాలామంది చెమటలు పట్టి, వణుకుతూ, అభ్యంతరం చెబుతూనే మీట నొక్కారు. వారికి లేనిది మనస్సాక్షి కాదు, ఆగిపోవడానికి ఒక మర్యాదైన మార్గం.

దీనికి తోడుగా మన లోపల ఒక న్యాయవాది కూడా పనిచేస్తుంటాడు. లియాన్ ఫెస్టింగర్, జేమ్స్ కార్ల్‌స్మిత్ 1959లో విద్యార్థుల చేత గంటసేపు విసుగు పుట్టించే పని చేయించి, అది చాలా బాగుందని తర్వాతి వ్యక్తితో చెప్పమన్నారు. ఆ అబద్ధానికి 20 డాలర్లు తీసుకున్నవారు ఆ పని విసుగ్గానే ఉందని తర్వాత ఒప్పుకున్నారు. 1 డాలరు తీసుకున్నవారు మాత్రం నిజంగానే కొంత బాగుందన్నారు. అబద్ధానికి చాలినంత బయటి కారణం లేనప్పుడు మనసు తన అభిప్రాయాన్నే మార్చుకుని, మాటకూ నమ్మకానికీ మధ్య ఉన్న వైరుధ్యాన్ని తగ్గించుకుంటుంది. మెట్ల జాబితా రాస్తున్నప్పుడు ‘నిజానికి ఈ పని నాకు ఇష్టమే’ అన్న వాక్యం వస్తే, ఆ ఇష్టం మొదటి మెట్టుకు ముందే ఉందా, తర్వాత పుట్టిందా అని తేదీ చూసుకోవడం మంచిది.

అడిగే పద్ధతుల్లో మరో మూడింటిని గుర్తుపడితే చాలు, వాటి మీద ఎక్కువసేపు నిలవనక్కర్లేదు. డెనిస్ రీగన్ 1971లో చూపినట్టు, అడగకుండానే ఒక శీతల పానీయం తెచ్చిచ్చిన వ్యక్తి తర్వాత లాటరీ టికెట్లు కొనమంటే జనం సుమారు రెండింతలు కొన్నారు. రాబర్ట్ చాల్డీనీ బృందం 1975లో చూపినట్టు, స్వచ్ఛంద సేవకు రెండేళ్లపాటు వారానికి రెండు గంటలు కేటాయించమని ముందు అడిగి, కాదనిపించుకుని, ఆపై ఒక్కసారి రమ్మంటే ఒప్పుకునేవారు 17 శాతం నుంచి 50 శాతానికి పెరిగారు. ఎలెన్ లాంగర్ బృందం 1978లో జిరాక్స్ యంత్రం దగ్గర ముందు వెళ్లనివ్వమని అడిగించినప్పుడు, ‘నేను కాపీలు తీసుకోవాలి కాబట్టి’ అన్న అర్థంలేని కారణం కూడా 5 పేజీలకు పనిచేసింది, 20 పేజీలకు పనిచేయలేదు. కోరిక చిన్నదైనప్పుడు కారణం ఆకారాన్ని మాత్రమే చూస్తాం, పెద్దదైనప్పుడు లోపలికి చూస్తాం. నిన్నటి ఉపకారాన్నీ, ఇప్పుడే తగ్గించిన కోరికనూ పక్కన పెట్టి, ఈ కోరిక ఒక్కటే విడిగా వచ్చి ఉంటే ఏమనేవాళ్లమో చూసుకోవడమే మూడింటికీ మందు.

గుంపులో ఆపద ఎదురైతే

ఇది నోటుపుస్తకంలో సాధన చేసే విషయం కాదు, ముందే గుర్తుంచుకోవలసినది. డార్లీ, బిబ్ లటానే 1968లో ప్రచురించిన ప్రయోగాలలో ఒకదానిలో, విద్యార్థులు కాగితాలు నింపుతున్న గదిలోకి పొగ వదిలారు. ఒంటరిగా ఉన్నవారిలో 75 శాతం బయటికెళ్లి చెప్పారు. ఏమీ పట్టనట్టు కూర్చున్న ఇద్దరి మధ్య ఉన్నవారిలో చెప్పింది 10 శాతమే. మరొక ప్రయోగంలో ఇంటర్‌కామ్ ద్వారా ఒకరికి మూర్ఛ వస్తున్నట్టు వినిపించింది. వింటున్నది తామొక్కరే అనుకున్నవారిలో 85 శాతం అది ముగిసేలోపే సాయానికి కదిలారు. మరో నలుగురు కూడా వింటున్నారని అనుకున్నవారిలో కదిలింది 31 శాతం. మొదటి ప్రయోగంలో అడ్డుపడింది ఇతరుల నిబ్బరం చూసి ప్రమాదమేమీ లేదనుకోవడం, రెండోదానిలో బాధ్యత అందరికీ పంచుకుపోవడం.

దీన్నిబట్టి జనం ఎప్పుడూ చూస్తూ నిలబడతారని తీర్మానించడం తొందరపాటు. 2019లో వెలువడిన ఒక అధ్యయనంలో ఇంగ్లండ్, నెదర్లాండ్స్, దక్షిణాఫ్రికాలలోని మూడు నగరాల్లో సీసీ కెమెరాలకు చిక్కిన 219 బహిరంగ ఘర్షణలను పరిశీలిస్తే, పదింట తొమ్మిదింటిలో కనీసం ఒక్కరైనా కలగజేసుకున్నారు. ఎక్కువ మంది ఉన్నకొద్దీ ఎవరో ఒకరు ముందుకొచ్చే అవకాశం పెరిగింది కూడా. ఒక్కొక్కరి బాధ్యత పలచబడటం, మొత్తంగా సాయం అందే అవకాశం పెరగడం రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

సాయం కావలసినది మీకే అయితే గుంపును ఉద్దేశించి అరవకండి. ఒక్కరిని ఎంచుకుని, వారి దుస్తుల రంగుతో పిలిచి, ‘నీలం చొక్కా వేసుకున్న మీరే, అంబులెన్సుకు ఫోన్ చేయండి’ అని ఒక్క పని అప్పగించండి. ఏం జరుగుతోందో కూడా పైకి చెప్పండి, ఎందుకంటే ఇది ఆపదేనా అన్న అనుమానమే చాలామందిని ఆపుతుంది. చూస్తున్నది మీరైతే, ముందుగా ‘ఏమైనా సాయం కావాలా?’ అని పైకి అడగండి. ఆ మాట బాధపడుతున్నవారి కంటే చుట్టూ ఉన్నవారి మీద ఎక్కువ పనిచేయవచ్చు.

ఇతరులను ప్రభావితం చేయవలసినది మనమే అయినప్పుడు

నోటీసు రాసేవారు తరచుగా చేసే పొరపాటు ఒకటుంది. ‘చాలామంది నియమం పాటించడం లేదు, దయచేసి పాటించండి’ అన్న వాక్యంలో మొదటి సగం రెండో సగాన్ని తినేస్తుంది, ఎందుకంటే నలుగురూ చేసేది ఏమిటో చదివేవారికి ముందు చెప్పేశాం. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో శిలాజవృక్షాల జాతీయ ఉద్యానవనం ఉంది. అక్కడ చాల్డీనీ బృందం రెండు రకాల బోర్డులు పెట్టి చూసింది. చాలామంది సందర్శకులు శిలాజ ముక్కలు తీసుకెళ్లారని చెప్పిన బోర్డు ఉన్నప్పుడు, గుర్తుపెట్టి ఉంచిన ముక్కలలో సుమారు 8 శాతం మాయమయ్యాయి. తీసుకెళ్లవద్దని మాత్రమే కోరిన బోర్డు ఉన్నప్పుడు మాయమైనవి 2 శాతం లోపే. 2007లో కాలిఫోర్నియాలో మరో బృందం ఇరుగుపొరుగు సగటు విద్యుత్ వాడకాన్ని ఇళ్లకు తెలియజేస్తే, ఎక్కువ వాడేవారు తగ్గించారు కానీ తక్కువ వాడేవారు పెంచారు. ఆ తక్కువ వాడేవారి కాగితం మీద ఒక చిన్న నవ్వుముఖం గీస్తే వారి వాడకం పెరగలేదు. సగటు చెప్పడం ఒక్కటే చాలదు, మెచ్చుకోలు కూడా తెలియజేయాలి.

ఉపన్యాసం కంటే చర్చ బలమైనదని కర్ట్ లెవిన్ రెండో ప్రపంచయుద్ధ కాలంలోనే గమనించారు. గుండె, మూత్రపిండాల వంటి మాంసభాగాలను వండమని గృహిణులకు ఉపన్యాసం ఇస్తే తర్వాత వండినవారు 3 శాతం. తమలో తాము చర్చించుకుని చేతులెత్తి నిర్ణయించుకున్న బృందాలలో 32 శాతం వండారు. చర్చలో మీరు మైనారిటీలో ఉంటే, గొంతు పెంచడం కంటే మాట మార్చకుండా ఉండటం ముఖ్యం. 1969లో సెర్జ్ మాస్కోవిచీ తెరమీద చూపిన నీలిరంగు స్లైడ్లను ఆకుపచ్చవని ఇద్దరి చేత చెప్పించారు. వారు ప్రతిసారీ అదే మాట మీద నిలబడినప్పుడు మిగిలిన నలుగురి జవాబులలో సుమారు 8 శాతం మారాయి, మాట మార్చుకుంటూ పోయినప్పుడు 1 శాతం పైచిలుకు మాత్రమే. 8 శాతం చిన్నదే, కానీ అక్కడ మైనారిటీ చెబుతున్నది కళ్లెదుట కనిపించే అబద్ధమని మరచిపోకూడదు.

ఇలాంటి అంకెలన్నింటినీ కొంత జాగ్రత్తగా పట్టుకోవాలి. 2015లో ఒక పెద్ద పరిశోధక బృందం మనోవిజ్ఞానంలోని 100 అధ్యయనాలను తిరిగి చేస్తే, గణాంకపరంగా నిలబడ్డవి 36 శాతమే, సామాజిక మనోవిజ్ఞానంలో ఇంకా తక్కువ. 1971లో ఫిలిప్ జింబార్డో విద్యార్థులను ఖైదీలుగా, కాపలాదార్లుగా విడదీసి రెండు వారాలకని మొదలుపెట్టి 6 రోజులకే ఆపేసిన స్టాన్‌ఫర్డ్ జైలు ప్రయోగంలో, కాపలాదార్లు తమంతట తామే క్రూరులయ్యారన్న కథ ఇప్పుడు నిలబడదు, ఎలా ప్రవర్తించాలో వారికి ముందే సూచనలు అందాయని ఆ ప్రయోగపు పత్రాలే చెబుతున్నాయి. ఒక్క ప్రయోగం చూపి మనిషి స్వభావమంతా తేల్చేసే వ్యాసం కనబడితే, తిరిగి చేసినప్పుడు ఏమైందని అడగడం అలవాటు చేసుకోవాలి.

మూడు వారాల తర్వాత నోటుపుస్తకం తిరగేస్తే అందులో ఇతరులు మీమీద తెచ్చిన ఒత్తిళ్లే ఎక్కువగా ఉంటాయి. మీరు ఇతరుల మీద తెచ్చినవి దాదాపు ఉండవు. ఫ్రాన్సిస్ ఫ్లిన్, వెనెస్సా లేక్ 2008లో ప్రచురించిన అధ్యయనంలో, 5గురి చేత ఒక ప్రశ్నాపత్రం నింపించాలంటే ఎంతమందిని అడగవలసివస్తుందో ముందుగా ఊహించమన్నారు. పాల్గొన్నవారు సుమారు 20 మందిని అడగవలసివస్తుందనుకున్నారు, వెళ్లి అడిగితే సుమారు 10 మందితోనే పని పూర్తయింది. ముఖం మీద కాదనడం ఎదుటివారికి ఎంత కష్టమో అడిగేవారికి తెలియకపోవడమే ఈ తేడాకు ప్రధాన కారణం. అందుకే నాలుగో వారానికి కొత్త పేజీ తెరిచి, ఎవరైనా మీ కోరికకు వెంటనే సరేనన్న ప్రతిసారీ మూడు సంగతులు రాయండి: వారికీ మీకూ హోదాలో తేడా ఏమిటి, అడిగినప్పుడు ఇంకెవరు వింటున్నారు, కాదనడానికి మీరు ఎంత సమయం ఇచ్చారు.